బొద్దక్షరమునకు వెడల్పేల?

అంగడి పేరు బల్లమీది కెక్కించుటకో, ఊరి జాతరకు ప్రకటనపత్రము వేయించుటకో, ఇంటి పెండ్లికి శుభలేఖ అచ్చొత్తించుటకో గద్వాలలోగాని వనపర్తిలోగాని నాగర్‌కర్నూలులోగాని ఫ్లెక్సీ దుకాణపు మెట్లెక్కినవారు సాధారణముగా చెప్పు మాట యొక్కటే: “అక్షరం ఇంకింత లావు చెయ్యన్నా, దూరంకెల్లి కనవడాలె.” దుకాణదారు మీట నొక్కును, తెరమీద అక్షరము లావెక్కును, వచ్చినవాని మనస్సు తృప్తిపడును. కాని ఆ ఫ్లెక్సీని తెచ్చి కూడలిలో కట్టి, వీథి ఆవలి ప్రక్కనుండి చూచినపుడు, ‘ధ’ యేదో ‘ద’ యేదో తెలియరాక, ‘ఫ’కారము ‘ప’కారముగా మారి, క్రింది వత్తులన్నియు నల్లని ముద్దలై, మునుపటి సన్నని అక్షరమే మేలనిపించును. సిరా పెరిగినకొలది స్పష్టతయు పెరుగవలెను గదా, తగ్గుటకు కారణమేమి?

ప్రశ్న చూచుటకు చిన్నదే యైనను, దీనికి సమాధానము వెదకబోయినచో కంటి శక్తికి గల పరిమితియు, కాగితము సిరాను పీల్చు తీరును, అన్నిటికన్న మిన్నగా తెలుగు లిపియొక్క దేహధర్మమును ఒకదాని వెంట నొకటి మన ముందునకు వచ్చును. ఈ విచారణలో మనకు ఉదాహరణగా నిలువదగిన ఖతి (ఫాంటు) యొకటి కలదు. దాని పేరు సురవరం. అది బొద్దైనది, వెడల్పైనది, సంప్రదాయానుసారముగా గీతల కొసలు తీర్చబడినది; పాలమూరు సీమలో పుట్టిన యొక పత్రికాసంపాదకుని పేర వెలసినది. ఈ లక్షణములు మూడును ఒకే ఖతిలో చేరుట యాదృచ్ఛికము గాదనియు, బొద్దుదనము తెలుగులో వెడల్పును తప్పనిసరిగా వెంటబెట్టుకొని వచ్చుననియు నిరూపించుటయే ఈ అధ్యాయపు ఉద్దేశము.

అక్షరగర్భము

అక్షరమనగానే మనకు స్ఫురించునది నల్లని గీత. చిన్ననాడు పలకమీద పంతులు దిద్దించినదియు గీతనే. అయితే చదువువేళ కంటికి ఆనవాలు తెలుపుటలో ఆ గీతకెంత పాలు కలదో, గీత చుట్టి తనలో నిలుపుకొన్న తెల్లని చోటునకును అంత పాలు కలదు. ‘ర’కారమును ‘ఠ’కారమును ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. రెంటికిని తలకట్టు కలదు, రెంటికిని గుండ్రని దేహము కలదు. భేదమంతయు ‘ఠ’ నడుమనున్న చుక్కలోను, ఆ చుక్కచుట్టు నిలిచిన తెల్లని వలయములోను ఇమిడియున్నది. ‘ద’కారమునకు అడుగున చిన్న గీత తగిలించినచో ‘ధ’ యగును. ఆ ‘ధ’ లోపల చుక్క నుంచినచో ‘థ’ యగును. ఇట్లు ఇసుమంత సందు, ఇసుమంత చుక్క ఆధారముగా వేరు వేరు ధ్వనులను చూపించు లిపిలో, ఆ సందు పూడిపోయిన మరుక్షణమే అర్థము మారిపోవును. ఈ తెల్లని చోటును మనము అక్షరగర్భమని పిలుచుకొందము. ముద్రాక్షరశిల్పులు దీనిని కౌంటర్ అందురు.

ఇక కంటి సంగతి. ఎంత ఆరోగ్యవంతమైన కన్నైనను మితిలేని సూక్ష్మతను గ్రహింపజాలదు. రెండు గీతలు రెండుగా కనబడవలెనన్న, వాని నడుమనుండు సందు కంటివద్ద కనీసము ఒక కళ ప్రమాణముగల కోణమును చేయవలెను. కళ యనగా డిగ్రీలో 60వ వంతు. కంటి వైద్యుని గదిలో గోడకు వ్రేలాడు అక్షరముల పట్టిక ఈ సూత్రముమీదనే కట్టబడినది. 1862లో దానిని రచించిన డచ్చి నేత్రవైద్యుడు హెర్మన్ స్నెల్లెన్, సహజదృష్టికి కొలబద్దగా నుండవలసిన అక్షరము మొత్తముమీద 5 కళలు, అందలి గీతయు సందును ఒక్కొక్క కళ ఉండునట్లు లెక్కగట్టెను. ఆ లెక్కను మిల్లీమీటర్లలోనికి మార్చినచో మనకు మిక్కిలి ఉపయోగకరమైన సంగతి తెలియవచ్చును. చేత పట్టుకొన్న పుస్తకములో, అనగా 40 సెంటీమీటర్ల దూరమున, మిల్లీమీటరులో పదవ వంతునకు కొంచె మెక్కువగానున్న సందు కనబడును. 6 మీటర్ల దూరమున ఆ సందు 1.75 మిల్లీమీటర్లు ఉండవలెను. 30 మీటర్ల దూరమున సుమారు 9 మిల్లీమీటర్లు, 100 మీటర్ల దూరమున సుమారు 29 మిల్లీమీటర్లు ఉండవలెను. అంతకు తక్కువైన సందు, అచ్చులో ఉన్నను, కంటికి లేనట్లే. ఇదియు మంచి వెలుతురున్నపుడు, మంచి కన్నులున్నవారికి వర్తించు కనీసపు లెక్క. సంజవేళ, వయస్సు మీరినవారికి ఇంతకు రెట్టింపు కావలసియుండును.

కంటి పరిమితికి అచ్చు దోషము తోడగును. పత్రికలకు వాడు చవుకకాగితము సిరాను పీల్చుకొనునపుడు ఆ సిరా గీత అంచులు దాటి నలుదిక్కుల వ్యాపించును. వెలుపలి ప్రక్కకు వ్యాపించిన సిరావలన ఎక్కువ నష్టము లేదు. లోపలి ప్రక్కకు వ్యాపించినది మాత్రము అక్షరగర్భమును పూడ్చివేయును. అమెరికాలో టెలిఫోను సంఖ్యల సూచికలకొరకు 1978లో మాథ్యూ కార్టర్ బెల్ సెంటెన్నియల్ అను ఖతిని తీర్చునపుడు, గీతలు కలిసికొను మూలలలో కావలెనని గంట్లు కోసి విడిచిపెట్టెను. వేగముగా తిరుగు యంత్రముమీద పలుచని కాగితమునకు సిరా తగిలి వ్యాపించినపుడు ఆ గంట్లు నిండి, అక్షరము తాను కోరిన ఆకారమునకు వచ్చెడిది. గణనయంత్రపు తెరమీదను ఇట్టి చిక్కే వేరొక రూపమున ఎదురగును. తెర చిన్న చిన్న చదరములతో నిండియుండును. అక్షరగర్భము ఒక చదరముకన్న చిన్నదైనచో తెర దానిని తెల్లగాను చూపజాలదు, నల్లగాను చూపజాలదు, బూడిదవర్ణమున చూపి యూరకుండును.

మూడు శ్రేణుల లిపి

రోమను లిపిలో ఒక పదమునందలి వర్ణములు ఒకదాని ప్రక్క నొకటి వరుసగా నిలుచును. తెలుగులో నట్లు గాదు. ఇచట ఒక్క అక్షరమే పైకి, క్రిందికి విస్తరించి మూడు శ్రేణుల నాక్రమించును. నడిమి శ్రేణిలో హల్లు దేహము. పై శ్రేణిలో తలకట్టు, గుడి, ఏత్వము, ఓత్వము, పొల్లు. క్రింది శ్రేణిలో వత్తులు. దూరమేగనక్కరలేదు, ఈ సీమలోని మూడు ఊళ్ళ పేర్లను వ్రాసికొని చూచిన చాలును.

‘గద్వాల’ యను పేరులో ‘ద్వా’ అడుగున వకారపు వత్తు వ్రేలాడుచుండగా, పైన దీర్ఘము కుడిప్రక్కకు సాగియుండును. ‘వనపర్తి’లో మొదటి మూడక్షరములు తలకట్టుతో సాదాగా నిలిచినను, కడపటి ‘ర్తి’కి వచ్చుసరికి రేఫమునకు పైన గుడియు క్రింద తకారపు వత్తును చేరి, అక్షరము నిలువున మూడు శ్రేణులను నింపివేయును. ‘నాగర్‌కర్నూలు’లో మొదట పొల్లుతో నిలిచిన రేఫము, పిదప ‘ర్నూ’ అనుచోట కొమ్ముదీర్ఘమును నకారపు వత్తును ఒకే దేహమును ఆశ్రయించుట, చివర తలకట్టులేని లకారమునకు కొమ్ము తగులుట అను మూడు విశేషములు ఒక్క పేరులోనే కనబడును. ఇక ‘స్త్రీ’ వంటి పదములో క్రింద రెండు వత్తులు, పైన గుడిదీర్ఘము ఏకకాలమున వచ్చి చేరును.

దీనివలన తేలు సంగతి యేమనగా, తెలుగు పంక్తికి ఇంత ఎత్తు అని నిర్ణయించిన పిమ్మట, ఆ ఎత్తులో హల్లు దేహమునకు దక్కునది నడిమి భాగము మాత్రమే. ఆ నడిమి భాగమును నిలువున పెంచితిమా, పై గుడులు మీది పంక్తి వత్తులతో ఒరసికొనును. వత్తులు క్రింది పంక్తి తలకట్లమీద పడును. సీసపుటక్షరములతో అచ్చుకూర్చిన దినములలో ఈ ఇబ్బంది మరింత కఠినమైనది. ఏలయన, ప్రతి సీసపు దిమ్మకును నిర్దిష్టమైన ఎత్తు ఉండెడిది, దానిని దాటి గీత వెలికి పొడుచుకొని వచ్చినచో విరిగెడిది. 1746 ప్రాంతమున జర్మనీలోని హాలే నగరమున బెంజమిన్ షుల్జ్ తెలుగు అచ్చుపుస్తకములను వెలువరించిన నాటినుండి మదరాసులో 1854లో వెలసిన వావిళ్లవారి ముద్రాక్షరశాల కాలము మీదుగా గణనయంత్రముల వరకు, తెలుగు అక్షరములను పోతపోసినవారందరు ఈ నిలువు ఇరుకుతోనే పోరాడవలసివచ్చెను. రోమను లిపికి నూరులోపు దిమ్మలతో పని జరుగుచుండగా, తెలుగు కంపోజిటరు ముందున్న అరలలో దిమ్మలు వందలకొలది ఉండుటకును కారణము ఈ శ్రేణుల కలయికయే.

లావునకు వెడల్పే శరణ్యము

ఇపుడు మొదటి ప్రశ్నకు సూటిగా పోవచ్చును. ‘ర’ వంటి గుండ్రని అక్షరము వెడల్పు 10 పాళ్ళనుకొందము. ఎడమ గీత ఒకటిన్నర పాలు, కుడి గీత ఒకటిన్నర పాలు పోగా లోపలి గర్భమునకు 7 పాళ్ళు మిగులును. వెడల్పు మార్చక గీతను రెట్టింపు లావు చేసినచో రెండు గీతలకు 6 పాళ్ళు పోయి, గర్భమునకు 4 పాళ్ళు మాత్రమే మిగులును. కంటికి కావలసిన సందు సుమారు సగమయ్యెను. గర్భమును యథాస్థితికి తేవలెనన్న అక్షరమును 13 పాళ్ళకు వెడల్పు చేయక తప్పదు.

‘ఘ’, ‘ఝ’ వంటి క్లిష్టాక్షరములలో పరిస్థితి ఇంకను విషమించును. అట్టి అక్షరము వెడల్పు 16 పాళ్ళనియు, అందు నాలుగు నిలువు గీతలును వాని నడుమ మూడు సందులును ఉన్నవనియు అనుకొందము. గీతలకు 6 పాళ్ళు పోగా సందులకు 10 పాళ్ళు, అనగా ఒక్కొక్క సందునకు మూడింటికి పైగా పాళ్ళు దక్కును. గీతలను రెట్టింపు చేయగనే వానికే 12 పాళ్ళు పోయి, మూడు సందులకును కలిపి 4 పాళ్ళు మిగులును. ఒక్కొక్కదానికి ఒకటింబావు కన్న కొంచెమే ఎక్కువ. సాదా అక్షరము తన గర్భమును సగమునకు దగ్గరగా పోగొట్టుకొన్నచోట, క్లిష్టాక్షరము ఐదింట మూడు పాళ్ళు పోగొట్టుకొన్నది. దీనిని రక్షింపవలెనన్న వెడల్పు 22 పాళ్ళకు పెరుగవలెను. దుకాణములో మీట నొక్కినపుడు జరుగునది ఇదే: యంత్రము గీతలను నలుప్రక్కల ఉబ్బించునేగాని గర్భమును విశాలపరచదు, కావున ‘ర’ బ్రదికి బయటపడును, ‘ఘ’ ముద్దయగును.

అక్షరశిల్పి ఈ చిక్కును రెండు ఉపాయములతో దాటును. మొదటిది, పైకి పెరుగుటకు చోటులేదు గనుక అక్షరమును అడ్డముగా విస్తరింపజేయుట. రెండవది, లావునంతటిని నిలువు గీతలకే పెట్టి, అడ్డుగీతలను సన్నగా నుంచుట. ఏలయన, వెడల్పు పెంచినంత మాత్రాన అడ్డుగీతల నడుమ సందు పెరుగదు, అది ఎత్తుమీద ఆధారపడినది. ఒకే అక్షరములో ఒకచోట గీత బలిసి, వేరొకచోట సన్నగిల్లుట కేవలము అలంకారమని తలచువారు కలరు. బొద్దైన తెలుగక్షరములో అది అలంకారముకన్న ముందు అవసరము.

రోమను లిపికి ఈ నిర్బంధము ఇంత గట్టిగా లేదు. ఆ లిపిలో ‘హెచ్’, ‘ఎన్’ వంటి వర్ణములు నిలువు కంబములతో కట్టబడినవి. వానిని ప్రక్కలనుండి నొక్కినను నడుమ సందు పొడవుగా నిలుచును. లండనులో రాబర్ట్ బెస్లీ 1845లో వెలువరించిన క్లారెండన్ అను ప్రసిద్ధమైన బొద్దు ఖతి, నిఘంటువులలో పదములను ఎత్తిచూపుటకు పనికివచ్చునట్లు, వెడల్పు తక్కువగానే ఉండెను. తెలుగు లిపి కంబములను ఎరుగనిది. దానిలో ప్రతి గీతయు ఏదోయొక చోట వంగి, చుట్టుకొని, తనలోనికి తిరుగును. గుండ్రని దానిని ప్రక్కలనుండి నొక్కినచో మొదట నశించునది దాని గర్భమే.

బొద్దక్షరములు లోకమున పుట్టుటయే ప్రకటనలకొరకు. 19వ శతాబ్ది ఆరంభమున లండనులో లాటరీ చీట్ల వ్యాపారులును, నాటకశాలలవారును గోడలమీద పోటీపడి కాగితములు అంటించుచుండగా, రాబర్ట్ థార్న్ మొదలైన పోతగాండ్రు మున్నెన్నడు ఎరుగనంత లావైన అక్షరములను పోసిరి. అంత పెద్ద అక్షరములను సీసముతో పోయుట కష్టము. బరువు మోయలేనిది, వెల హెచ్చు, పైగా పెద్ద దిమ్మ చల్లారునపుడు అంతట సమముగా కుదించుకొనక ముఖము గుంటపడును. అందువలన 1827లో న్యూయార్కున డేరియస్ వెల్స్ యంత్రముతో కొయ్యయందు అక్షరములను త్రవ్వు పద్ధతిని ప్రవేశపెట్టెను. ఆ కొయ్యయక్షరముల పరంపరకు నేటి ఫ్లెక్సీ వారసురాలు. పరికరము మారినను, దూరమునుండి చూచువాని కన్ను మారలేదు.

కొసకట్టు

సురవరం ఖతికి మూడవ లక్షణము కొసలు తీర్చబడియుండుట. గీత ముగియుచోట ఆకస్మికముగా తెగిపోక, కొంచెము విస్తరించి ముగింపు తెలుపు పద్ధతిని సెరిఫ్ అందురు. మనము కొసకట్టు అని పిలుచుకొందము. రోమునగరమున క్రీ.శ. 113లో నిలిపిన ట్రాజను స్తంభముమీది శాసనాక్షరములలో ఇది పరిపక్వరూపమున కనబడును. ఆ శాసనములను జీవితాంతము పరిశీలించిన ఎడ్వర్డ్ కాటిచ్ అను అమెరికను పాద్రి, అక్షరమును ముందు చదునుకుంచెతో వ్రాసి పిదప ఉలితో చెక్కుటవలన, కుంచె త్రిప్పిన గుర్తులే కొసకట్లుగా నిలిచినవని వాదించెను.

మన సీమలో అక్షరము పెరిగిన త్రోవ వేరు. కృష్ణాతుంగభద్రల సంగమమునకు చేరువనున్న ఆలంపురములో బాదామి చాళుక్యుల నాటి ఆలయములును, శాసనములును కలవు. ఆ శాసనముల లిపి తెలుగునకును కన్నడమునకును ఉమ్మడియైనది. రాతిలో ఉలిగీత సిరాతో కనబడదు. గీత యొక అంచుమీద ఎండ, వేరొక అంచుమీద నీడ పడుటచేత కనబడును. తాటాకుమీద గంటముతో వ్రాయునపుడు ఆకు ఈనెల వెంబడి పొడవుగా అడ్డుగీత గీచినచో ఆకు చీలుననియు, అందుచేతనే దక్షిణదేశ లిపులు గుండ్రదనమును ఆశ్రయించెననియు లిపివేత్తలు చెప్పుదురు. గంటపు గీత అంతట ఒకే సన్నదనముతో సాగును. మొన చెక్కిన కలము వచ్చిన పిమ్మట, చేయి తిరిగిన దిక్కునుబట్టి గీత బలియుటయు సన్నగిల్లుటయు సంభవించెను. పోతపోసిన అక్షరములు ఈ సంప్రదాయములన్నిటిని కలిపికొని, లావుసన్నముల భేదముతోను, కొసలయందు చిన్న ఉబ్బుతోను తెలుగు అచ్చునకు ఒక ముఖవర్చస్సును కల్పించినవి.

తెలుగునకు తలకట్టు ఉండగా కొసకట్టుతో పనియేమని అడుగవచ్చును. తలకట్టు అన్నిటికిని లేదు. ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ అను తొమ్మిది హల్లులు తలకట్టు లేకుండనే నిలుచును. గుడి, ఏత్వము మొదలైనవి చేరినపుడు మిగిలినవానికిని అది తొలగిపోవును. మరియు దూరమునుండి చూచినపుడు గీతల కొసలే ముందుగా అరిగినట్లు తోచును; కంటిలోని మసక మూలలను తినివేయుటచేత చతురస్రమైన కొస గుండ్రముగా, పొట్టిగా కనబడును. కొసయందు కొంత ద్రవ్యమును అదనముగా నిలిపినచో ఆ నష్టము పూరింపబడును. కొసకట్టువలన చదువు వేగము హెచ్చునని సాధారణముగా చెప్పుకొందురుగాని, పరిశోధకులు అట్టి పెద్ద భేదమును నిలుకడగా చూపలేకపోయిరి. కావున దాని ప్రయోజనము ప్రధానముగా రెండు విధములు: పెద్ద అక్షరమునకు ముగింపు స్పష్టపరచుట, చూచువానికి పాత అచ్చుయొక్క గాంభీర్యమును స్ఫురింపజేయుట.

సంపాదకుని పేర వెలసిన ఖతి

సురవరము ప్రతాపరెడ్డి 1896 మే 28న జన్మించెను; ఆయన స్వస్థలము నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. మదరాసున న్యాయశాస్త్రము చదివి వచ్చిన యీయన, అధికారభాషయు ఉన్నతవిద్యాభాషయు ఉర్దూగా నుండిన హైదరాబాదు రాజ్యములో, 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించెను. వారమునకు రెండుమారులు వెలువడుచు వచ్చిన ఆ పత్రిక 1947లో దినపత్రిక యయ్యెను. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు బదులుగా ఆయన 354 మంది కవుల రచనలను పరిచయము చేయుచు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించెను. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజామరాష్ట్రాంధ్రమహాసభకు అధ్యక్షత వహించెను. 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికయ్యెను. 1953 ఆగస్టు 25న కన్నుమూసిన పిదప, ఆయన రచించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను. తెలుగునకు ఆ పురస్కారము దక్కుట అదే మొదలు.

ఇట్టి సంపాదకుని పేరును, పత్రికలకు ఉపయోగపడవలెనని సంకల్పించిన ఖతికి పెట్టుట ఉచితముగానే యున్నది. దీని తెలుగు రూపములను 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల తీర్చగా, అమెరికాలోని తెలుగువారి సంస్థ యగు సిలికానాంధ్ర దానిని ప్రజలకు అందించెను. ఆ సంస్థ ద్వారా వెలువడిన తెలుగు ఖతులలో గురజాడ, గిడుగు, పెద్దన, తిమ్మన, ధూర్జటి మొదలగు పేర్లును కలవు. సురవరం ఖతి ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు క్రింద విడుదలయైనది గనుక, ఎవరైనను వెల చెల్లింపక దించుకొని పత్రికలోను, పుస్తకములోను, ప్రకటనలోను వాడవచ్చును. అవసరమైనచో మార్పులు చేసికొనవచ్చును. ఖతిని మాత్రమే విడిగా అమ్ముకొనరాదు. గూగుల్ ఫాంట్స్ భాండారములోను ఇది దొరకును.

దీనివలన కలిగిన లాభము వెలకు మాత్రమే సంబంధించినది గాదు. మునుపటి అచ్చుదుకాణముల ఖతులు ఒక్కొక్కటి తన సొంత సంకేతములను వాడెడివి. ఒక ఖతిలో కూర్చిన వార్త వేరొక ఖతిలోనికి మార్చగనే పిచ్చిగీతలయ్యెడిది. యూనికోడ్ వ్యవస్థలో తెలుగు వర్ణములకు 128 స్థానములతో ఒక ఖండము ప్రత్యేకింపబడినది. అందు ‘క’కు ఒక స్థానము, పొల్లునకు ఒకటి, ‘ష’కు ఒకటి, ఈ మూడును వరుసగా వచ్చినపుడు ‘క్ష’ రూపమును చూపించుట ఖతి పని. కావున వ్రాత ఒకటియే, ముఖములు పెక్కు. వనపర్తిలో సురవరం ఖతితో కూర్చిన శీర్షిక ఎచ్చటికి పంపినను, ఏ యూనికోడ్ ఖతిలో తెరచినను అదే మాటగా చదువబడును.

ఎచ్చట ఒప్పును, ఎచ్చట ఒప్పదు

గద్వాల చీరను చూచినవారికి ఈ ఖతి ఉపయోగమును చెప్పుట సులభము. ఆ చీరకు సంప్రదాయముగా దేహము నూలు, అంచును కొంగును జరీతో కూడిన పట్టు. రెంటిని వేరువేరుగా నేసినట్లు కనబడినను మగ్గముమీదనే పోగు పోగు కలిపి ఒకటి చేయుదురు. కన్నులను ఆకర్షించునది అంచు, ఒంటికి హాయి నిచ్చునది నూలు. చీరనంతటిని జరీతోనే నింపినచో వెల పెరుగుట యటుంచి, కట్టుకొన్నవారు మోయలేరు. అంచు అంచుగా కనబడుటయు పోవును, ఏలయన దాని శోభ ప్రక్కనున్న సాదా నూలును ఆశ్రయించియున్నది. పత్రికలో శీర్షికకును వార్తకును గల సంబంధము ఇట్టిది. బొద్దైన వెడల్పైన అక్షరము శీర్షికకు, ప్రకటనపత్రమునకు, శుభలేఖలో వధూవరుల పేర్లకు, గ్రంథముఖపత్రమునకు ఒప్పును. వార్తనంతటిని దానితో కూర్చినచో చదువరికి బడలిక, ప్రకాశకునకు కాగితపు ఖర్చు.

బడలికకు శాస్త్రీయమైన హేతువును కలదు. చదువునపుడు కన్ను పంక్తివెంట జారుచు పోదు. ఆగి ఆగి దుముకుచు పోవును. ఆగిన ప్రతిసారియు స్పష్టముగా చూడగలుగునది దృష్టికేంద్రమున సుమారు 2 డిగ్రీల మేర మాత్రమే. పుస్తకము 40 సెంటీమీటర్ల దూరమున నున్నపుడు అది దాదాపు 14 మిల్లీమీటర్ల వెడల్పు. అక్షరము 4 మిల్లీమీటర్ల వెడల్పుదైనచో ఆ మేరలో మూడక్షరములకు పైగా ఇముడును. 6 మిల్లీమీటర్లదైనచో రెండింటికి కొంచె మెక్కువ. అనగా అదే వార్త చదువుటకు కన్ను మరిన్ని మారులు ఆగవలెను. నాలుగైదు మాటల శీర్షికలో ఈ నష్టము లెక్కింపదగినది గాదు. నాలుగు పుటల వ్యాసములో అది భారమగును.

వాడువారు గుర్తుంచుకొనవలసిన సంగతులు మరికొన్ని కలవు. సురవరం ఖతికి లావు ఒక్కటే ప్రమాణము. దానికి వేరుగా బొద్దురూపము లేదు. కావున ఇదివరకే బొద్దైన ఈ అక్షరమును ఎంచుకొని, మీట నొక్కి మరల బొద్దు చేసినచో, యంత్రము తనకు తోచినట్లు గీతలను ఉబ్బించి, శిల్పి ప్రయాసపడి కాపాడిన గర్భములను పూడ్చివేయును. చోటు చాలలేదని అక్షరమును ప్రక్కలనుండి నొక్కుటయు ఇట్టి తప్పే. మాటలను తగ్గించుకొనుట మేలు. పంక్తుల నడుమ ఎడము ధారాళముగా విడువవలెను, లేనిచో పై పంక్తి వత్తులు క్రింది గుడులతో కలిసిపోవును. నల్లని నేలమీద తెల్లని అక్షరము ఉన్నదానికన్న లావుగా కనబడును. వెనుకనుండి దీపము వెలుగు బల్లలలో ఈ భ్రాంతి మరింత హెచ్చును. అట్టిచోట అక్షరముల నడుమ కొంచెము ఎడము పెంచవలెను. ‘నాగర్‌కర్నూలు’ అని పొల్లుతో విడదీసి చూపవలెనన్న, రేఫముపై పొల్లు కొట్టిన పిదప, కనబడని విభాజకచిహ్నము నొకదానిని చేర్చవలెను. అది లేనిచో ఖతి తన ధర్మము ననుసరించి కకారమును వత్తుగా మార్చి ‘నాగర్కర్నూలు’ అని చూపించును. ఊరి పేరు పలకలమీద ఈ తప్పు దొరలినపుడు నింద ఖతిమీద మోపుట న్యాయము గాదు.

ఇంతవరకు చెప్పినదానిని ఒక్క తీర్పుగా చెప్పవలెనన్న, తెలుగులో లావు కావలెననువాడు వెడల్పును ఒప్పుకొనవలెను, వెడల్పును ఒప్పుకొన్నవాడు మాటలను తగ్గించుకొనవలెను. కావున పాఠకులకు మనవి యొక్కటి. ఇకమీదట బల్ల వ్రాయింపబోవునపుడు దానిని ఎంత దూరమునుండి చదువవలెనో ముందు నిశ్చయించుకొనుడు. నమూనాలో మిక్కిలి ఇరుకైన సందు ఏ అక్షరములో ఉన్నదో వెదకి కొలువుడు. 30 మీటర్లకు 9 మిల్లీమీటర్ల చొప్పున అది సరిపోయినచో అచ్చునకు పంపుడు. సరిపోనిచో లావు పెంచుమని అడుగక, రెండు మాటలు కొట్టివేసి అక్షరమును పెద్దది చేయించుడు.